హైదో మణికట్టు మీది మాట

"వాయో, నాకు నువ్వంటే ఇష్టమేనా?"

మా ఆవిడ హైదో మొట్టమొదటిసారి నన్నీ ప్రశ్న అడిగినప్పుడు పగలబడి నవ్వాను. పెళ్లయి ఇంకా ఏడాది తిరగలేదు. వంటింట్లో బెండకాయలు తరుగుతోంది. కత్తి అలాగే పట్టుకుని నా వైపు తిరిగి అడిగింది. నీకు నేనంటే ఇష్టమేనా అని కాదు, అలా అడిగే ఆడవాళ్లు లోకం నిండా ఉన్నారు. తనకు నేనంటే ఇష్టమో కాదో నేను చెప్పాలట.

"నన్నడుగుతావేంటి? నీ మనసు నీకు తెలీదా?" అన్నాను.

"తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను?" అంది. ఆమె నవ్వడం లేదు.

"ఇష్టమేలే. ఇష్టం లేకపోతే ఈ మొహానికి బెండకాయలు వండుతావా?"

హమ్మయ్య అని ఊపిరి వదిలి మళ్లీ తరగడం మొదలుపెట్టింది. కూర పొయ్యి ఎక్కకముందే మళ్లీ అడిగింది.

ఇది చాలా ఏళ్ల కిందటి మాట. ఇప్పుడు ఆమె ఒకచోట, నేను ఒకచోట. ఆ జబ్బే మిమ్మల్ని విడదీసిందని మావాళ్లంతా అంటారు. వాళ్లకేం తెలుసు? జబ్బుతో ఉన్నన్నాళ్లూ మేం కలిసే ఉన్నాం. విడిపోయింది అది తగ్గుముఖం పట్టాక.

నేను మా ఊరు వోలోస్‌లో, రేవు పక్కన ఒక చిన్న సారాకొట్టులో వంటవాణ్ణి. మా ఊళ్లో తాగడానికి కూర్చున్నవాడు తినడానికి ఏం కావాలో చెప్పడు. ద్రాక్షసారా బుడ్డి ఒకటి బల్ల మీదికి వెళ్తే దాని వెంట ఒక పళ్లెం వెళ్తుంది. రెండో బుడ్డికి ఇంకో పళ్లెం, మొదటిదానికంటే కాస్త మంచిది. ఏది పంపాలో వంటవాడి ఇష్టం. ఆ పద్ధతి నాకు ప్రాణం. పగలంతా ఎవరూ ఏమీ అడగని చోట పనిచేసి ఇంటికి వెళ్తే, గుమ్మంలోనే ఆ ఒక్క ప్రశ్న నాకోసం కాచుకుని ఉండేది.

అది ఎక్కడినుంచి పుట్టుకొచ్చేదో చెబితే మీకు నవ్వొస్తుంది. బస్సులో ఎవడో అందగాడు ఎదురుగా కూర్చుంటాడు. ఆమె చూస్తుంది. ఎవరైనా చూస్తారు. దిగి ఇంటికొచ్చేలోపు ఆమె బుర్రలో పెద్ద విచారణ నడిచిపోయేది. వాణ్ణి చూశానంటే వాయో అంటే ఇష్టం లేనట్టేగా? ఇష్టం లేకుండా కాపురం చేయడం మోసమేగా? ఇక నన్ను కూర్చోబెట్టి అన్నీ ఒప్పేసుకునేది. నేను చెప్పులు విప్పకముందే ఆ బస్సులోవాడి చొక్కా రంగుతో సహా వినాలి.

ముద్దుపెట్టి ఒక్క క్షణం ఆగేది, లోపల ఏమైనా కదిలిందా అని. పాలు పొంగాయేమోనని గిన్నెలోకి తొంగిచూసినట్టు తనలోకి తాను తొంగిచూసుకునేది. ఆ తర్వాత నా మొహంలోకి చూసేది. జవాబేదో అక్కడ రాసిపెట్టి ఉన్నట్టు వెతికేది. నేను "ఇష్టమే" అనేవాణ్ణి. ఎలా తెలుసని అడిగేది. సాక్ష్యాలు చెప్పేవాణ్ణి. నాకు జ్వరమొచ్చినప్పుడు ఎవరు కూర్చున్నారు పక్కన? నా పాత స్వెట్టరు పారేయమంటే దాచిపెట్టిందెవరు? ఏళ్ల తరబడి చెప్పి చెప్పి పండిపోయాను. ఆమె తరఫున వాదించడంలో నన్ను మించినవాడు లేడు.

స్తెర్యోస్ అని, మా కొట్టులో బల్లల దగ్గరికి పళ్లేలు అందిస్తాడు, చిన్నప్పటినుంచీ నా స్నేహితుడు. వాడు ఒకరోజు అన్నాడు: "నీకేం రా, అదృష్టవంతుడివి. మా ఆవిడ పొద్దున లేస్తే కరెంటు బిల్లు గురించి అడుగుతుంది. మీ ఆవిడ ప్రేమ గురించి అడుగుతుంది."

"మీ ఆవిడ బిల్లు కట్టేస్తే ఊరుకుంటుంది కదరా," అన్నాను.

చివరికి హైదో నిద్రపోవడం మానేసింది. తిండి సహించేది కాదు. పెళ్లికూతుళ్ల బట్టలు కుట్టే చోట పనిచేసేది. ఒకరోజు తెల్ల గౌను ఒళ్లో పెట్టుకుని ఏడుస్తూ కూర్చుంటే వాళ్లే నాకు ఫోన్ చేశారు. అప్పుడు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ దానికి ఓసీడీ అని పేరు చెప్పింది. మా అత్తగారు మాత్రం చాదస్తమనే అంది, పోయేదాకా అదే అంది.

"ఆమె అడిగినప్పుడు మీరేం చెబుతారు?" అని డాక్టరమ్మ నన్నడిగింది.

"ఇష్టమేనని చెబుతానండీ. సాక్ష్యాలతో సహా."

"అది ఎంతసేపు పనిచేస్తుంది?"

"కాఫీ చల్లారేదాకా."

"మీరిస్తున్నది మందనుకుంటున్నారు. అది మందు కాదు, మేత. మీరు వేస్తున్నకొద్దీ ఆ జబ్బు బలుస్తోంది."

"మరి నన్నేం చెప్పమంటారు?"

"ఏమో అనండి."

నాకు చెవులు సరిగ్గా పనిచేస్తున్నాయా అనిపించింది. "నా భార్యకు నేనంటే ఇష్టమా కాదా అని అడిగితే నేను ఏమో అనాలా? నేనా?"

"మీరే. తెలియకుండా బతకడం ఆమె నేర్చుకోవాలి. మనమంతా అలాగే బతుకుతున్నాం, కాకపోతే మనకది పట్టదు. ఆమెను పట్టుకుని పీడిస్తుంది."

హైదో కుర్చీలో ముడుచుకుని కూర్చుని ఉంది. "అంటాడులెండి, నేను చెప్తాను," అంది మెల్లిగా.

మొదటిసారి ఏమో అన్నప్పుడు స్నానాలగదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. నేను తలుపు బయట నిలబడ్డాను. లోపల ఆమె ఏడుస్తోంది, పొయ్యి మీద ఆక్టోపస్ మాడిపోతోంది. ఇష్టమే, ఇష్టమే, బయటికి రా అని అరవాలని నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టుకున్నాను. చాలాసేపటికి బయటికొచ్చి, "చెప్పలేదు కదా, మంచిపని చేశావు," అంది. మాడిన ఆక్టోపస్‌నే ఇద్దరం తిన్నాం.

నెమ్మదిగా పనిచేసింది. అడగడం తగ్గింది. రాత్రిళ్లు పడుకోవడం మొదలెట్టింది. బట్టలు ఆరేస్తూ కూనిరాగాలు తీసేది. ఆ శీతాకాలం ముందు కొండమీది ఊళ్లకు వెళ్లి కాల్చిన చెస్ట్‌నట్ కాయలు ఒలుచుకు తిన్నాం. వెళ్తున్నంతసేపూ, వస్తున్నంతసేపూ ఒక్కసారి కూడా అడగలేదు. బస్సులో నా భుజం మీద తలపెట్టి గురకపెట్టింది. ఆ గురక నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

ఆ తర్వాతే పచ్చబొట్టు సంగతి తెచ్చింది.

"ఏమో అని చేతిమీద పొడిపించుకుంటాను," అంది.

"కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోవచ్చుగా?"

"కాగితం ఉందో పోయిందో అని రోజంతా పర్సు తెరిచి చూసుకుంటాను."

ఇద్దరం నవ్వాం. తర్వాత ఆమె నా చెయ్యి పట్టుకుని చెప్పింది: "బాగున్నప్పుడు బాగానే ఉంటాను వాయో. అది మళ్లీ వచ్చి మీదపడితే, తెలీకుండా కూడా బతకొచ్చన్న సంగతే మర్చిపోతాను. అది పూర్తిగా పోయేది కాదని డాక్టరమ్మ చెప్పిందిగా. దానితో కాపురం చెయ్యాల్సిందే. చేస్తున్నానని నాకు కనబడుతూ ఉండాలి."

ఎర్ము వీధి వెనక లూకియా అనే అమ్మాయి పచ్చబొట్ల కొట్టు ఉంది. ఆమెకు మెడదాకా బొమ్మలే. హైదో మాట చెప్పగానే లూకియా కాగితం మీద అందంగా రాసి చూపించింది. మా లిపిలో అది నాలుగక్షరాల మాట.

"బాగుంది. కానీ చివరక్షరం కొంచెం కిందికి జారినట్టుండాలి," అంది హైదో.

"వంకరగానా?"

"కొంచెం."

"అక్కా, చూసినవాళ్లు లూకియా చెయ్యి వణికిందంటారు. నా కొట్టు మూతబడిపోతుంది."

"తిన్నగా ఉంటే, నిజంగా తిన్నగానే ఉందా అని రోజూ కొలుచుకుంటూ కూర్చుంటాను. వంకరని ముందే తెలిస్తే కొలవడానికేముంది?"

లూకియా నా వైపు చూసింది, ఈమెకేమైనా తేడానా అన్నట్టు. నేను భుజాలెగరేశాను. అప్పుడు హైదో తనంతట తానే చెప్పింది. "నాకొక జబ్బుంది," అని మొదలుపెట్టి, దాని పేరు, అది చేసే ఆగడాలు, అన్నీ. ముక్కూమొహం తెలియని మనిషికి ఆమె ఆ మాట చెప్పడం అదే మొదలు. నన్ను అడిగే ప్రశ్న ఏమిటో మాత్రం చెప్పలేదు. "అనుమానాలొస్తాయి," అంది అంతే. నా పరువు కాపాడింది.

లూకియా సూది సరిచేసుకుంటూ, "మా నాన్న తాళం వేశాక తలుపు దగ్గర నిలబడి లాగిచూస్తూనే ఉండేవాడక్కా. మేం వెనకనుంచి నవ్వేవాళ్లం," అంది. ఇక వంకర గురించి పేచీ పెట్టలేదు.

సూది మోగుతున్నంతసేపూ హైదో ఎడమచెయ్యి లూకియా దగ్గర ఉంది, కుడిచెయ్యి నా చేతిలో ఉంది. నొప్పికి నా వేళ్లు నలిపేసింది కానీ నోరు మెదపలేదు. అయిపోయాక, ఎర్రగా ఉబ్బిన మణికట్టు మీద ఆ నాలుగక్షరాలు చూసుకుని ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. "వంకరగా ఉంది. ఎంత బాగుందో!" అంది.

నేను కూడా బాగుందన్నాను. అబద్ధం కాదు, ఆమె మొహం అంత వెలిగిపోతుంటే బాగుండక ఏం చేస్తుంది? కానీ ఇంటికి నడుస్తుంటే నా కళ్లు మాటిమాటికీ ఆ మణికట్టు మీదికే వెళ్లాయి. ఆ ఏమో దేని గురించో ఊరికి తెలియదు. నాకు తెలుసు. అది నా గురించి. నా భార్యకు నేనంటే ఇష్టమేనా? ఏమో. చెరగకుండా, చర్మం కింద సిరాతో.

చూసినవాళ్లంతా ఏంటిది అని అడిగేవాళ్లు. ఆమె దాచుకోలేదు. జబ్బు గుర్తు అని చెప్పేది. అందులో ఒక ధీమా ఉండేది. నేను ఆ ధీమాను చూసి గర్వపడాల్సింది, పడ్డాను కూడా, సగం రోజులు. మిగతా సగం రోజులు ఆమె ఉప్పుడబ్బా అందుకోవడానికి చెయ్యి చాస్తే మణికట్టు వైపు చూడకుండా ఉండటానికి కిటికీలోంచి బయటికి చూసేవాణ్ణి.

అన్నీ తెలిసిన స్తెర్యోస్ ఊరుకుంటాడా? "ఒరే వాయో, లోకంలో మొగుళ్లు పెళ్లాం చేతిమీద తమ పేరు చూసుకుని మురుస్తారు. నీకు పేరు కూడా దక్కలేదు కదరా," అన్నాడు.

"నోర్మూసుకుని రొయ్యలు పట్టుకెళ్లు," అన్నాను. వాడు నవ్వుతూ వెళ్లబోయి నా మొహం చూసి ఆగాడు. "ఊరికే అన్నాను రా," అన్నాడు.

నాకు అసలు లోటు ఏమిటో అర్థం కావడానికి కొన్నాళ్లు పట్టింది. అన్నేళ్లు ఆమె అడిగినప్పుడల్లా "నీకు నేనంటే ఇష్టమే" అని నేనే పైకి చెప్పేవాణ్ణి. చెబుతూ నేనూ వినేవాణ్ణి. ఆ ఇంట్లో ఆ మాట రోజూ మోగేది. ఆమెకు అది మేతో మందో గానీ, నాకది అన్నం. ఇప్పుడు ఆమె అడగదు, నేను చెప్పను. తనంతట తాను చెప్పడానికి ఆమెకు భయం, చెబితే నిజమా కాదా అని లోపల మళ్లీ విచారణ మొదలవుతుందని. జబ్బు తగ్గింది. నా అన్నం పోయింది. ఇది డాక్టరమ్మకు చెప్పుకోవచ్చు. ఏమని చెప్పుకోను? మా ఆవిడకు నయమైంది, నాకు బాగోలేదు అనా?

ఈస్టర్‌కు ముందొచ్చే మట్టలాదివారం నాడు నా పేరుపండగ, వాయో అన్న పేరు ఆ మట్టల మీద పెట్టిందే. మా వైపు పేరుపండగంటే పిలుపులుండవు. గుర్తున్నవాళ్లంతా వాళ్లే వస్తారు, పండగ ఎవరిదో వాడే అందరికీ పెట్టాలి. ఉపవాసాల రోజులైనా ఆవేళ చేపకు అనుమతి ఉంటుంది కాబట్టి నానబెట్టిన ఉప్పుచేప వేయించి, వెల్లుల్లి ముద్ద నూరాను. ఇల్లంతా జనం. నూరేళ్లు బతుకు అని దీవెనలు. హైదో నీలం గౌను వేసుకుని అందరికీ మిఠాయి పళ్లెం తిప్పుతోంది. అంత అందంగా ఆమెను పెళ్లినాడు కూడా చూడలేదు.

సాయంత్రం అందరూ వెళ్లాక ఆమె గ్లాసులు కడుగుతోంది, నేను తుడుస్తున్నాను. రెండు బుడ్ల సారా లోపల ఉంది. అది తాగుడు మాట కాదు, కానీ తాగకపోతే బయటికి వచ్చేది కాదు.

"హైదో, నీకు నేనంటే ఇష్టమేనా?"

నా జన్మలో ఆ ప్రశ్న నేను అడగడం అదే మొదటిసారి. ఆమె చెయ్యి నీళ్ల కింద ఆగిపోయింది. నా వైపు తిరిగింది. ఒక్క క్షణం తెల్లబోయింది. ఆ తర్వాత ఆమె మొహమంతా నవ్వు పరుచుకుంది. నురగ కారుతున్న ఎడమచెయ్యి పైకెత్తి, మణికట్టు నా మొహం ముందు పెట్టింది.

నేను పరీక్ష పెట్టాననుకుంది. పాస్ అయ్యానని సంబరపడింది. మంచి మార్కులు వచ్చిన పిల్ల పలక చూపించినట్టు చూపించింది. ఆ నవ్వులో నా మీద ఎంత కృతజ్ఞత ఉందో నాకు కనబడుతూనే ఉంది. కనబడినా లాభం లేకపోయింది. నేను కూడా నవ్వి, గ్లాసు తుడిచి, బోర్లించాను.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. హైదో, నేను పరీక్ష పెట్టలేదు, అడిగాను అని. అంత చిన్నమాట. అహం అడ్డొచ్చింది. మొగుడన్నవాడు అడుక్కోవాలా అనిపించింది.

ఈస్టర్ వెళ్లగానే అలోనిసోస్ దీవిలో ఒక హోటల్లో వేసవి వంటపని ఒప్పుకున్నాను. మా ఊరి వంటవాళ్లు చాలామంది అలా వెళ్తారు, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. పెట్టె సర్దుకుంటుంటే హైదో మంచం అంచున కూర్చుని నా చొక్కాలు మడతపెట్టింది.

"వేసవి అయ్యాక వచ్చేస్తావా?" అంది.

"ఏమో," అన్నాను.

పొడవాలనే అన్నాను. ఆమె మొహం పాలిపోయింది. చొక్కా మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. తర్వాత గట్టిగా ఊపిరి తీసుకుని తలూపింది. "మంచి జవాబు," అంది. నేను వైద్యం చేస్తున్నాననుకుంది, పాపం. పొడిచినవాడికి దండం పెట్టినట్టయింది. అప్పుడైనా నేను పెట్టె కింద పెట్టలేదు.

హోటల్ వంటిల్లు రేవుకు సరిగ్గా పైన, గుట్ట అంచున ఉంది. కిటికీలోంచి చూస్తే పడవలు ఆగే చోటంతా కనబడుతుంది, గట్టిగా పిలిస్తే వినబడేంత దగ్గర. జూన్ నెలలో ఒక పగలు, పెరట్లో పంపు దగ్గర కూర్చుని నెత్తళ్లు బాగుచేస్తున్నాను. తలెత్తితే గేటులో హైదో. చేతిలో చిన్న సంచీ. ఎడమ మణికట్టుకు రుమాలు చుట్టుకుని ఉంది.

"చేతికేమైంది?" అన్నాను. నా నోటినుంచి వచ్చిన మొదటిమాట అది.

"ఏం కాలేదు. నీకు అది కనబడకూడదని కట్టుకున్నాను."

దగ్గరికొచ్చి నిలబడింది. ఎండలో ఎక్కివచ్చినందుకు ఆయాసపడుతోంది. "ఆరోజు గ్లాసులు కడిగేటప్పుడు నువ్వు పరీక్ష పెట్టలేదు కదా?" అంది. "నువ్వు నిజంగానే అడిగావు. నాకిన్నాళ్లకు తట్టింది. నేనెంత మొద్దునో చూడు."

నేను చేప తల తెంపాను.

"ఇష్టమే వాయో. నాకు నువ్వంటే ఇష్టం. ఏమోలు గీమోలు ఏం లేవు. అది చెబుదామని వచ్చాను."

ఏళ్లతరబడి నేను కాచుకున్న మాట అది. నా పెదాలతో నేను వందలసార్లు చెప్పిన మాట, మొదటిసారి ఆమె పెదాల మీద విన్నాను. ఆ మాట అలా ఖాయంగా అనడం ఆమెకు ఎంత ప్రమాదమో నాకు తెలుసు. మళ్లీ ఎన్ని నిద్రలేని రాత్రులు తెచ్చిపెడుతుందో తెలుసు. లోకంలో ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాడు లేడు. కానీ నేను ఆమె మొహంలోకి చూశాను. ఆయాసం, తడికళ్లు, వణుకుతున్న గడ్డం. బస్సులో అందగాడి కథ చెప్పడానికి గుమ్మంలో నిలబడ్డ రోజుల్లో కూడా ఆ మొహం ఇలాగే ఉండేది. నాకు తేడా తెలియలేదు.

"నా మొహంలో జవాబు చూసుకోవడానికి వచ్చావా?" అన్నాను.

అర్థమైంది ఆమెకు. నువ్వొచ్చింది నాకోసం కాదు, నీ జబ్బు తోలితే వచ్చావు అన్నాను, అంతే కదా. ఇంకెవరైనా అయితే చెంప పగలగొట్టేవాళ్లు. కనీసం కాదు అనేవాళ్లు. హైదోకు అబద్ధం చేతకాదు. నిలబడి నిజంగా ఆలోచించింది. పంపు కింద నీళ్లు కారుతూనే ఉన్నాయి.

"తెలీదు వాయో," అంది చివరికి. "అది తెలుసుకునే దారి నాకు లేదు. తెలీకుండానే పడవెక్కాను."

ఇంతకంటే పెద్దమాట ఏ ఆడది ఏ మగాడికి చెప్పి ఉంటుంది? ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు నాకు వినబడింది "తెలీదు" ఒక్కటే. లోపలినుంచి మా వంటపెద్ద కేకేశాడు, చేపలయ్యాయా అని. "వస్తున్నా," అని అరిచి, గిన్నె తీసుకుని లేచాను.

"పడవ నాలుగింటికి," అన్నాను. కనీసం లోపలికి రా, మంచినీళ్లు తాగు అనలేదు.

"సరే," అంది. రుమాలు విప్పుకుని చెమట తుడుచుకుంది. నెమ్మదిగా మెట్లు దిగి వెళ్లింది.

పడవకు ఇంకా రెండు గంటలుంది. ఆమె రేవులో, పడవ తాళ్లు కట్టే ఇనుప దిమ్మ మీద కూర్చుంది. నేను నెత్తళ్లు పిండిలో దొర్లించి నూనెలో వేస్తూ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. తిరిగి చూస్తుందని కాచుకున్నాను. నిజం చెబుతున్నాను, ఒక్కసారి వెనక్కి తిరిగి నా కిటికీ వైపు చూసి ఉంటే, హమ్మయ్య, చూసుకోవడానికే వచ్చింది, నేనన్నదే రైటు అనుకుని నా పని నేను చేసుకునేవాణ్ణి. చూడలేదు. నాకు వీపు పెట్టి, సముద్రం వైపు మొహం పెట్టి, రెండు గంటలూ అలాగే కూర్చుంది. ఒకసారి సంచీలోంచి పీచ్‌పండు తీసుకుని తింది. పడవ వచ్చింది, జనం దిగారు, జనం ఎక్కారు. వాళ్లలో ఆమె కూడా ఎక్కింది. నేను మెచ్చుకున్నానో లేదో, నమ్మానో లేదో, ఆమెకు నా మొహంలో చదువుకోవాల్సింది ఏమీ మిగల్లేదు. చెప్పడానికి వచ్చింది, చెప్పింది, వెళ్తోంది.

అది నా బుర్రకెక్కేసరికి పడవ వెనక జనం ఎక్కే ఇనుపపలక పైకి లేస్తోంది. జాలిగరిటె నూనెలో వదిలేసి, మెట్లమీద జారుతూ కిందికి పరిగెత్తాను. హైదో అని అరిచాను. ఇంజను మోతలో నాకే వినబడలేదు. రేవులో తాళ్లు చుడుతున్న మనిషి నా వంట ఏప్రన్ వైపు, చేతులనిండా ఉన్న పిండి వైపు చూసి, "ఎవరైనా డబ్బులు కట్టకుండా వెళ్లారా?" అని అడిగాడు.

పడవ వోలోస్ చేరే వేళకు ఫోన్ చేశాను. వెంటనే ఎత్తింది. వెనక మా ఊరి రేవు చప్పుడు వినబడుతోంది.

"హైదో, నేను తప్పు మాట్లాడాను," అన్నాను. "నువ్వు చూసుకోవడానికి రాలేదు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు, నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. జబ్బు అయితే తిరిగేదానివి. నీకు నేనంటే ఇష్టమే. నాకు తెలుసు. ఇప్పుడు నాకు గట్టిగా తెలుసు."

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. ఎప్పుడూ లేనంత శాంతంగా ఉంది ఆ గొంతు.

"నా మనసులో ఏముందో నువ్వు చెప్తే వినడం మానేశాను కదా, వాయో," అంది. "ఎంత కష్టపడి మానేశానో నీకు తెలుసు. అది నేర్పించిందే నువ్వు."

కోపంగా అనలేదు. అలసిపోయాను, ఇంటికెళ్లి పడుకుంటానంది. నేను సరేనన్నాను.